హంప్టీ ముక్కు, ఓక్లాండ్ ఫంక్, నా డ్రైవింగ్ పాఠాలు

డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే ఓక్లాండ్ హిప్‌హాప్ గ్రూపు పేరు ఇప్పుడు ఎవరైనా ఎత్తారంటే అది ర్యాపర్ టూపాక్ గురించి మాట్లాడుతున్నప్పుడే. "టూపాక్ స్టార్ కాకముందు వీళ్ళ వెనకాల డాన్స్ చేసేవాడు" అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్ళిపోతారు. మా అమ్మాయి స్నేహితులూ అంతే. అలా విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1990 మార్చిలో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చింది, పేరు 'సెక్స్ ప్యాకెట్స్' (పేరు చూసి పేజీ మూసేయకండి, దాని సంగతి కింద చెప్తాను). నవ్వు, ఫంక్ (ఒళ్ళు ఊపించే నల్లవాళ్ళ డాన్స్ సంగీతం), పార్టీ, ఈ మూడూ కలిపి ఇంత బాగా చేసిన హిప్‌హాప్ ఆల్బమ్ ఇంకోటి నేను వినలేదు. అమెరికాకి వచ్చిన కొత్తలో నాకు ధైర్యం ఇచ్చినవాటిలో అదొకటి. దాని గురించి తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు, అందుకే కూర్చున్నాను.

పెళ్ళయి 1998లో కాలిఫోర్నియాలో ఓక్లాండ్‌కి దగ్గర్లో ఉన్న ఫ్రీమాంట్ వచ్చాను. మాది ధర్మవరం, అప్పట్లో అనంతపురం జిల్లా. మా ఆయన వై2కె పనుల్లో పొద్దున పోతే రాత్రికి గానీ వచ్చేవారు కాదు. నాది హెచ్4 వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ అందరి పరిస్థితీ ఒకటే, కారు నడపడం వస్తే తప్ప కొత్తిమీర కట్టకి కూడా శనివారం దాకా ఆగాల్సిందే. అందుకని డ్రైవింగ్ నేర్చుకోవడానికి డబ్బులు కట్టాను. నాకు నేర్పడానికి వచ్చినావిడ ఈస్ట్ ఓక్లాండ్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ, నాకంటే పదేళ్ళు పెద్దది అయ్యుంటుంది, చేతినిండా ఉంగరాలు, ఎప్పుడూ నవ్వుముఖం.

నేర్పేవాళ్ళ కారు కాబట్టి ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. నేను లేన్ మారబోయే ముందు ఆవిడ పాదం మెల్లగా దాని మీదకి వెళ్ళడం ఓరకంట కనపడేది, అది చూసి నాకు ఇంకా టెన్షన్. చిన్న వీధుల్లో సరే. 880 ఫ్రీవే ఎక్కించినరోజు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఓక్లాండ్ దగ్గర 580 మీదకి పెద్ద ట్రక్కుల్ని రానివ్వరు, అందుకని అవన్నీ 880 మీదే తిరుగుతాయి. అటొకటి, ఇటొకటి, మధ్యలో నేను. స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఆవిడ కోప్పడలేదు, భయపెట్టనూ లేదు. ముందరి డబ్బాలోంచి ఒక క్యాసెట్ తీసింది, దాని మీద అచ్చు అంతా అరిగిపోయి సగం అక్షరాలే మిగిలాయి, దాన్ని టేప్‌లోకి తోసి, సౌండ్ తగ్గించి, "బేబీ, ముందు ఆ భుజాలు కిందకి దించు" అంది.

ముందు డ్రమ్ము. తర్వాత బేస్, అది చెవికి వినపడటం కంటే ముందు సీట్లోంచి వీపుకి తెలిసింది. ఆ పైన ఒక గొంతు, జలుబు చేసినవాడిలా ముక్కుతో మాట్లాడుతూ, కానీ ఎంత ధీమాగా మాట్లాడుతున్నాడంటే ఊరంతా వాడి పెళ్ళికే వచ్చారన్నంత ధీమాగా. నాకు ఆ ఇంగ్లీషు పావు వంతు కూడా అర్థం కాలేదు. అయినా నవ్వొచ్చింది. భుజాలు దిగాయి. హేవర్డ్ దాటి శాన్ లియాండ్రో దాకా ఎలా వెళ్ళానో నాకే తెలియదు.

అది 'ద హంప్టీ డాన్స్'. ఆ రోజు ఎగ్జిట్ తీసుకుని ఒక పార్కింగ్ లాట్‌లో ఆపాక ఆవిడ దాని కథంతా చెప్పింది. పాడేవాడి పేరు హంప్టీ హంప్. పెద్ద ముక్కు, కళ్ళద్దాలు, బొచ్చు టోపీ, గళ్ళ కోటు. తను సన్నగా ఉంటానని, ముక్కు పెద్దదని, అయినా ఆడవాళ్ళు తన వెంటే పడతారని, ఓట్స్ జావ గడ్డలు గడ్డలుగా ఉంటేనే తనకి ఇష్టమని, ఇలా నోటికి ఏది తోస్తే అది చెప్పుకుంటూ పోతాడు. ఒక చోట తనని చూసి జనం ఎంసీ హామర్‌తో పోల్చి ఏమంటారో కూడా తనే చెప్పేస్తాడు. ఈ ఎంసీ హామర్ అనే ర్యాపర్ కూడా ఓక్లాండ్ వాడే, అదే 1990లో దేశమంతా అతని బ్యాగీ ప్యాంటు డాన్సులకి ఊగిపోతోంది. ఆ డాన్సులు మామూలువాళ్ళకి వచ్చేవి కావు, ఒళ్ళు విల్లులా వంగాలి, నెలలకి నెలలు సాధన చేయాలి. హంప్టీ డాన్స్ అలా కాదు. కాలు విరిగినవాడిలా ఒక పక్కకి కుంటుతూ ఊగడమే. ఇది నా డాన్స్, ఎవరైనా ఆడొచ్చు, ఏ ఇద్దరూ ఒకేలా ఆడరు అని పాటలోనే చెప్తాడు. నాకు ఆ ఆల్బమ్ మీద ప్రేమ ఎందుకు అని ఎవరైనా అడిగితే ఈ ఒక్క మాట చాలు. డాన్స్ నేర్పుతున్నానని చెప్తూనే నీకు వచ్చినట్టు ఆడు అని వదిలేసేవాడు ఎక్కడుంటాడు!

ఇంతకీ హంప్టీ హంప్ అనే మనిషి లేడు. ఆ ముక్కు వెనకాల ఉన్నది గ్రూపు నాయకుడు షాక్ జి, అసలు పేరు గ్రెగరీ జేకబ్స్. 1963లో బ్రూక్లిన్‌లో పుట్టి, ఫ్లోరిడాలో టాంపాలో పెరిగి, తర్వాత ఓక్లాండ్ చేరాడు. పియానో వాయిస్తాడు, బీట్లు కడతాడు, గ్రూపుకి బొమ్మలు కూడా తనే వేసేవాడు. షాక్ జిగా ర్యాప్ చేసేటప్పుడు గొంతు మెత్తగా, నిదానంగా, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. అదే మనిషి ప్లాస్టిక్ ముక్కు తగిలించుకోగానే హంప్టీ. ఇద్దరూ ఒకరే అని అప్పట్లో చాలామందికి తెలియదు, వాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు కాదు. హంప్టీకి ఒక జీవిత చరిత్రే అల్లారు: అసలు పేరు ఎడ్వర్డ్ ఎల్లింగ్టన్ హంఫ్రీ ద థర్డ్, ఒకప్పుడు 'స్మూత్ ఎడ్డీ అండ్ ద హంపర్స్' అనే బృందంలో పాడేవాడు, వంటింట్లో నూనె మూకుడు దగ్గర ప్రమాదం జరిగి ముక్కు కాలిపోయింది, అందుకే ఈ పెట్టుడు ముక్కు. స్టేజీ మీద షాక్ జి, హంప్టీ ఇద్దరూ ఒకేసారి కనపడాల్సి వస్తే ఇంకొకరికి ముక్కు పెట్టి నిలబెట్టేవాళ్ళు. మా టీచర్, వాళ్ళ తమ్ముడు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారట, ఇద్దరూ వేరే వేరే అని ఆవిడ, కాదు ఒకడే అని తమ్ముడు. నాకు చెప్పేటప్పుడు కూడా ఆవిడ గొంతులో ఆ పౌరుషం ఉంది.

లైసెన్స్ వచ్చాక నేను ఒంటరిగా నడుపుకుంటూ వెళ్ళిన మొదటి దూరం బర్క్లీ. టెలిగ్రాఫ్ అవెన్యూలో అమీబా అని పాటల దుకాణం, అదీ 1990లోనే మొదలైంది. అరల నిండా వాడిన సీడీలు, అట్టముక్కల మీద చేత్తో రాసిన పేర్లు, ప్లాస్టిక్ డబ్బాలు ఒకదానికొకటి తగిలి టకటకమనే చప్పుడు తప్ప ఎవరూ మాట్లాడరు. అక్కడ ఈ సీడీ కొన్నాను. కౌంటర్ దగ్గర అట్ట మీద పేరు కనపడకుండా తిప్పి పెట్టాను, ఎంతైనా పెళ్ళయిన కొత్త, చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని. ఎవరూ లేరు.

ఆ పేరు సంగతి చెప్తానన్నాను కదా. ఆల్బమ్ చివరి భాగంలో ఒక కథ నడుస్తుంది. సెక్స్ ప్యాకెట్ అంటే ఒక బిళ్ళ, అది మింగితే కలలాంటిది వస్తుంది, ఆ కలలో నీకు నచ్చిన మనిషితో నువ్వుంటావు. అంతరిక్షంలో నెలల తరబడి ఒంటరిగా ఉండే వ్యోమగాముల కోసం దీన్ని తయారు చేశారని, అది దొంగతనంగా వీధుల్లోకి వచ్చి అమ్ముడుపోతోందని కథ. 'ప్యాకెట్ మ్యాన్' పాటలో అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, వాళ్ళిద్దరి బేరం, మీరు వింటే కడుపు పట్టుకుని నవ్వుతారు. పెద్దవాళ్ళ పాటలే, పిల్లల ముందు పెట్టేవి కావు, అది ముందే చెప్తున్నా. కానీ అందులో ఎక్కడా పగ లేదు, ఆడవాళ్ళని తిట్టిపోసే ధోరణి ఆ రోజుల్లో చాలా ర్యాప్‌లో ఉండేది, ఇందులో ఉన్నదంతా కొంటెతనం. ఒక ఆడదానిగా విన్నప్పుడు నాకు ఆ తేడా స్పష్టంగా తెలిసేది.

ఆ రోజులు ఎలాంటివో కూడా చెప్పాలి. 1988లో న్యూయార్క్ నుంచి పబ్లిక్ ఎనిమీ, లాస్ ఏంజెలెస్ పక్క నుంచి ఎన్‌డబ్ల్యూఏ, ఈ రెండు ర్యాప్ గ్రూపులూ కోపంతో నిప్పులు కురిపించాయి. ఓక్లాండ్ అంటే నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్స్ పార్టీ పుట్టిన ఊరు, 1966లో. డిజిటల్ అండర్‌గ్రౌండ్ కూడా మొదట్లో ఆ పాంథర్స్ వేషంలో, ఆ గంభీరంలోనే రావాలనుకున్నారు. ఈలోపు పబ్లిక్ ఎనిమీ ఆ దారిలో ముందే వెళ్ళిపోయేసరికి వీళ్ళు పూర్తిగా ఇటు తిరిగి నవ్వుల్లోకి వచ్చారు. మంచి పని చేశారు అంటాను నేను. అలాగని కళ్ళు మూసుకుని పార్టీ చేసుకోలేదు. ఆ ఏళ్ళలో క్రాక్ కొకైన్ అనే మత్తుమందు ఓక్లాండ్ వీధుల్ని తినేస్తోంది, ఆల్బమ్ మధ్యలో 'డేంజర్ జోన్' అని దాని మీద ఒక పాట ఉంది. అంతదాకా నవ్విన మనుషులే ఉన్నట్టుండి గొంతు మార్చి తమ వీధి గురించి చెప్తారు. మా టీచర్ ఆ పాట వచ్చినప్పుడు టేపుని ముందుకి తోసేసేది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇక ఫంక్. దీని గురించి రాయడం మొదలుపెడితే నాకు ఆగడం కష్టం.

జార్జ్ క్లింటన్ అనే ఆయన డెబ్భైల్లో పార్లమెంట్, ఫంకడెలిక్ అని రెండు బృందాలు నడిపేవాడు, మనుషులు దాదాపు వాళ్ళే, పేర్లు రెండు. వాళ్ళ పాటలకి ఒక పెద్ద పురాణమే ఉంది. మదర్‌షిప్ అనే అంతరిక్ష నౌక స్టేజీ మీదకి దిగేది, అందులోంచి ఆయన దిగేవాడు. ఆ పురాణంలో ఒక విలన్, పేరు సర్ నోస్. పొడుగు ముక్కు. నేను డాన్స్ చేయను గాక చేయను అని భీష్మించుకుని కూర్చుంటాడు, చివరికి వాడి చేత కూడా ఆడిస్తారు, అది 1977 ఆల్బమ్ కథ, 'ఫ్లాష్ లైట్' అందులోదే. తర్వాత 1980లో ఇంకో ఆల్బమ్ 'ట్రాంబిప్యులేషన్', అదీ ఈ ముక్కు వంశం గోలే. ఇప్పుడు చూడండి, హంప్టీ డాన్స్‌లో వాడుకున్న పార్లమెంట్ ముక్క 'లెట్స్ ప్లే హౌస్' సరిగ్గా ఈ 1980 ఆల్బమ్‌లోదే. డాన్స్ చేయనని మొండికేసిన ముక్కు పదేళ్ళ తర్వాత ఓక్లాండ్‌లో ఊరందరి చేతా డాన్స్ చేయించే ముక్కు అయింది! నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిసినరోజు మా ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఆ పాటలో డ్రమ్ము ఇంకో చోటిది, స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే బృందం 1968లో చేసిన 'సింగ్ ఎ సింపుల్ సాంగ్' నుంచి. వాళ్ళదీ ఈ బే ఏరియానే, శాన్ ఫ్రాన్సిస్కో. అంటే బే ఏరియాలో ఇరవై ఏళ్ళ కింద ఎవరో కొట్టిన డ్రమ్ముని తీసుకుని, దాని కింద కొత్తగా సింథసైజర్ బేస్ పరిచి, ముక్కు గొంతు పెట్టి, మళ్ళీ బే ఏరియాలోనే పార్టీ చేశారు. ఫంక్‌లో కిటుకు ఏమిటంటే నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బ మీద ఒళ్ళంతా పడాలి, మిగతా మూడింట్లో ఎవరి ఇష్టం వాళ్ళది. గాయకుడు జేమ్స్ బ్రౌన్ దగ్గర నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఆయన దగ్గర వాయించిన బూట్సీ కాలిన్స్ దాన్ని పార్లమెంట్‌కి తెచ్చాడు. వింటున్నప్పుడు మీకు ఇవేవీ తెలియక్కర్లేదు. పప్పు గుత్తి తిప్పుతూ వింటే చెయ్యి తనంతట తనే ఆ మొదటి దెబ్బ దగ్గర ఆగుతుంది, నాకు చాలాసార్లు అయింది.

ఇంత ధారాళంగా పాత పాటల ముక్కలు వాడుకోవడం తర్వాత కుదరలేదు. 1991 డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద న్యూయార్క్ కోర్టు తీర్పు వచ్చింది, పాత పాట ముక్క వాడాలంటే అనుమతి తీసుకుని తీరాలని. పాటల హక్కుదారులకి డబ్బు రావడం న్యాయమే, దాంట్లో నాకు వేరే అభిప్రాయం లేదు. కానీ ఆ తర్వాత ఒక పాటలో పది పాటలు కలిపి వండాలంటే ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఈ ఆల్బమ్ ఆ తలుపు మూసుకోకముందు వచ్చింది, ఆ సందడి వింటే తెలిసిపోతుంది. 'అండర్‌వాటర్ రైమ్స్' లో సముద్రం అడుగున ఎంసీ బ్లోఫిష్ అనే చేప వచ్చి ర్యాప్ చేస్తుంది, ఆ చేప గొంతూ షాక్ జిదే, కింద మళ్ళీ పార్లమెంట్ నీటి పాట 'ఆక్వా బూగీ' నడుస్తుంటుంది. అలాంటి ఆలోచన వచ్చినా పక్కన ఉన్నవాళ్ళు "ఏంటిది" అనకుండా సరే చేద్దాం అనడం, అదీ నాకు ముచ్చట.

'డూవాట్చాలైక్' అని 1989లోనే సింగిల్‌గా వచ్చిన పాట ఇంకోటుంది, ఆల్బమ్‌లో దాదాపు తొమ్మిది నిమిషాలు. నన్నడిగితే హంప్టీ డాన్స్ కంటే అదే గొప్ప. కథ లేదు, పల్లవి చరణం అన్న లెక్క లేదు. డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఏ రంగువాళ్ళైనా రండి, తినండి, మీకు తోచింది చేయండి అని పిలుపు, అంతే. పాట సాగుతూ సాగుతూ పియానో దగ్గరకి వస్తుంది, ఇక ర్యాప్ సంగతి మర్చిపోయి ఆ పియానో తన దారిన తను పోతుంది. పార్టీలో చివరికి మిగిలినవాళ్ళు చెప్పులు విప్పేసి కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న ధోరణి ఉంటుంది అందులో. నేను ఈ దేశంలో అడుగు పెట్టాక నన్ను అంత నిండుగా రమ్మన్న పాట అదే. పిలిచినవాడికి నేనెవరో తెలియదు, నా భాష తెలియదు, అయినా ఆ పిలుపు నాక్కూడా అని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

మా అత్తయ్య విషయం రాయకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆవిడ ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఒకరోజు నేను హాల్లో బట్టలు మడతపెడుతూ ఈ సీడీ పెట్టుకున్నాను, ఆవిడ బాలింతరాలికని వంటింట్లో వెల్లుల్లి కారం దంచుతున్నారు. హంప్టీ మొదలుపెట్టాడు. రోకలి చప్పుడు ఆగింది. ఆవిడ తలుపు దగ్గరకి వచ్చి, "ఎవురమ్మా వీడు, ముక్కుతో పాడతాండాడు?" అన్నారు. ఇలా ముక్కు తగిలించుకుని వేషం కడతాడు అత్తయ్యా, అసలు మనిషి వేరే, నోటికొచ్చింది మాట్లాడతాడు, జనం నవ్వుతారు అని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "మన కేతిగాడే కదా!" అన్నారు.

తెలియనివాళ్ళకి చెప్తాను. మా ధర్మవరానికి దగ్గర్లోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలవాళ్ళ ఊరు. రామాయణం ఆడుతున్నా భారతం ఆడుతున్నా మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరిపోతారు. రాముడు ఏడుస్తున్నా సరే కేతిగాడు వచ్చి పచ్చి జోకులు వేస్తాడు, బంగారక్క చేత తన్నులు తింటాడు, ఊళ్ళో పెద్దమనుషుల్ని కూడా వదలడు. బొమ్మ కాబట్టి వాడినెవరూ ఏమీ అనలేరు, తెర వెనకున్న మనిషి అంత మాట అనగలిగేది ఆ బొమ్మ చేతిలో ఉంటేనే. షాక్ జి అనే మెత్తటి మనిషికి హంప్టీ ముక్కు అలాంటిదే. ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తట్టని సంగతి మా అత్తయ్య వెల్లుల్లి చేతులతో నిలబడి చెప్పేశారు. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ ఆవిడే అడిగేవారు, "ఆ కేతిగాడి పాట పెట్టమ్మా" అని. పాపని భుజం మీద వేసుకుని, ఆ బీట్‌కి నెమ్మదిగా ఊపుతూ హాలంతా తిరిగేవారు. పాప నిద్రపోయేది కూడా.

టూపాక్ గురించి అన్నాను కాబట్టి అదీ కాస్త. అతను వీళ్ళ దగ్గర సామాన్లు మోసే కుర్రాడిగా, డాన్సర్‌గా చేరాడు. 1991లో 'సేమ్ సాంగ్' అనే పాటలో వీళ్ళే మొదటిసారి అతనికి మైకు ఇచ్చారు, చిన్న చరణం. 1993లో అతని 'ఐ గెట్ అరౌండ్' కి సంగీతం షాక్ జిదే, అందులో ర్యాప్ కూడా చేశాడు. ఇంకొకడి ప్రతిభ చూసి పక్కకి జరిగి చోటిచ్చే గుణం ఎంతమందికి ఉంటుంది? టూపాక్ ఫ్యాన్స్ ఆ గుణం గురించి కూడా ఒక మాట చెప్తే బాగుండు. ఇక గ్రూపు సంగతి, 'హంప్టీ డాన్స్' అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 11వ స్థానం దాకా వెళ్ళింది, ర్యాప్ చార్టులో మొదటిది, ఆల్బమ్ ప్లాటినం (పది లక్షల కాపీలు) అయింది. ఆ పాట డ్రమ్ముని తర్వాత ఎంతమంది వాడుకున్నారంటే, 1993లో వాళ్ళందరికీ అవార్డులు ఇస్తున్నట్టుగా వీళ్ళు ఏకంగా ఇంకో పాట చేశారు. దావాలు వేయాల్సిన చోట పాట కట్టారు. మొదటి ఆల్బమ్ తర్వాత ఇంకొన్ని వచ్చాయి, 1991లో వచ్చినదాంట్లో జార్జ్ క్లింటన్ స్వయంగా వచ్చి పాడాడు కూడా, కానీ మొదటిదాని సందడి వేరు.

2021 ఏప్రిల్ 22న షాక్ జి టాంపాలో ఒక హోటల్ గదిలో చనిపోయాడు. 57 ఏళ్ళు. ఆ రోజులు మనందరికీ గుర్తే, ఇండియాలో కోవిడ్ సెకండ్ వేవ్, రాత్రంతా ఫోన్లు, ఎవరికి ఆక్సిజన్ దొరికింది, ఎవరికి బెడ్ దొరకలేదు. ధర్మవరంలో మా చిన్నాన్న ఇంట్లో నలుగురికీ జ్వరం. ఆ గొడవలో ఫోన్‌లో ఈ వార్త కనపడింది. నేను ఎన్నడూ చూడని మనిషి కోసం ఏడవడానికి అది సమయం కాదు అనుకున్నాను, కానీ ఏడ్చాను, గట్టిగానే. మా అమ్మాయి వచ్చి ఇండియా నుంచి ఏదైనా వార్తా అని కంగారుపడింది. కాదే, హంప్టీ పోయాడు అన్నాను. అది ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి 'డూవాట్చాలైక్' పెట్టింది. తొమ్మిది నిమిషాలూ విన్నాం, చివర పియానోతో సహా. తర్వాత మళ్ళీ చిన్నాన్న వాళ్ళకి ఫోన్ చేశాను, దేవుడి దయ వల్ల వాళ్ళంతా కోలుకున్నారు.

ఓక్లాండ్‌లో ఇప్పుడు అద్దెలు ఆకాశంలో ఉన్నాయి, ఆ పాటల్లో వినపడే జనంలో చాలామంది ఊరు వదిలి వెళ్ళిపోయారు. మా టీచర్ కూడా శాక్రమెంటో వైపు మారిపోయింది. పండగలకి మెసేజ్ పెట్టుకుంటాం, ఆవిడ ఎప్పుడూ చివర్లో ఒక ముక్కు బొమ్మ పెడుతుంది. లేక్ మెరిట్ పక్క నుంచి వెళ్ళినప్పుడు కార్లలోంచి ఆ బేస్ ఇప్పటికీ అప్పుడప్పుడు వినపడుతుంది, నేను అద్దం దించి చెయ్యి ఊపుతాను, వాళ్ళూ ఊపుతారు.

ఎవరికైనా వినాలనిపిస్తే, మొదట 'హంప్టీ డాన్స్' కాదు, 'డూవాట్చాలైక్' పెద్ద వెర్షన్ పెట్టుకోండి, కోసేసిన చిన్నది వద్దు. తర్వాత 'రైమిన్ ఆన్ ద ఫంక్', అందులో 'ఫ్లాష్ లైట్' బేస్ ఎలా వచ్చి కూర్చుంటుందో చూడండి. ఆ తర్వాత హంప్టీ. 'ఫ్రీక్స్ ఆఫ్ ద ఇండస్ట్రీ' పిల్లలు పడుకున్నాక. ఇంట్లో మంచి స్పీకర్లు లేకపోతే కార్లో వినండి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో ఆ బేస్ అస్సలు రాదు.